మంచం పక్కన ఒక కాగితం పువ్వు

ఆసుపత్రిలో రోగికి తోడుగా ఉండేవారికి ఉదయం పూట క్షణం తీరిక ఉండదు. రక్తపరీక్షలకు పంపడం, డాక్టరుగారు రౌండ్లకు వచ్చేసరికి రిపోర్టులు సిద్ధంగా ఉంచడం, చీటీ పట్టుకుని మందుల షాపు దగ్గర నిలబడడం, బిల్లు కౌంటరుకు తిరగడం - వీటితోనే మధ్యాహ్నం అవుతుంది. ఆ తర్వాత మాత్రం కాలం కదలదు. సెలైన్ సీసాలోంచి ఒక్కొక్క బొట్టూ పడుతుంటే చూస్తూ కూర్చోవాలి. రోగితో చెప్పవలసిన మాటలన్నీ మొదటి రెండు రోజుల్లోనే అయిపోతాయి. మూడవ రోజు నుంచి "నొప్పి ఎలా ఉంది?", "కాస్త ఏమన్నా తింటావా?" అనే రెండు ప్రశ్నలే మిగులుతాయి.

మంచం మీద ఉన్న మనిషి పరిస్థితి ఇంకొక రకం. తెల్లవారింది మొదలు అన్నీ ఇతరులే చేస్తుంటారు. ఒకరు మొహం తుడుస్తారు, ఒకరు సూది వేస్తారు, ఒకరు పక్కకు తిప్పి పడుకోబెడతారు. ఇంటిల్లిపాదికీ వండి పెట్టిన తల్లి, పదిమందికి పని చెప్పిన తండ్రి గ్లాసుడు మంచినీళ్ల కోసం కూడా ఇంకొకరి వైపు చూడాలి. జబ్బుకన్నా ఈ పరాధీనతే కొందరిని ఎక్కువగా కుంగదీస్తుంది.

అటువంటి మధ్యాహ్నం పూట ఒక చదరపు కాగితం పనికి వస్తుంది. కత్తెర, జిగురు, గుండుసూది ఏవీ లేకుండా, కొద్ది మడతలతో దాన్ని పువ్వుగా మార్చవచ్చు. ముందే ఒక మాట చెప్పాలి. కాగితం పువ్వు మందు కాదు. దానివల్ల జబ్బు తగ్గదు, డాక్టరు చెప్పిన వైద్యానికి అది బదులు కాదు. కాని ఒక పది నిమిషాల పాటు రోగి తన చేతులతో తానే ఒక పని మొదలుపెట్టి పూర్తి చేయగలుగుతాడు. ఆ పువ్వు మడవడం ఎలాగో, మడిచేటప్పుడు పక్కనున్నవారు ఏమి చేయాలో, అంతకన్నా ముఖ్యంగా ఏమి చేయకూడదో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

నిజమైన పూలు తేకూడదా?

రోగిని చూడడానికి వచ్చే బంధువులు పూలగుత్తి తెస్తే వార్డు గుమ్మం దగ్గరే సిస్టర్లు ఆపివేయడం మీలో కొందరు చూసే ఉంటారు. అది మర్యాద తెలియక చేసే పని కాదు. పూలు పెట్టిన గ్లాసులోని నీళ్లలో సూక్ష్మక్రిములు త్వరగా పెరుగుతాయి. కుండీ మట్టిలో బూజుజాతి క్రిములు ఉంటాయి. ఆరోగ్యవంతులకు వీటివల్ల సాధారణంగా ఏమీ కాదు. కాని క్యాన్సరు మందులు ఎక్కించుకుంటున్నవారికి, అవయవమార్పిడి జరిగినవారికి, తెల్లరక్తకణాలు బాగా తగ్గినవారికి రోగనిరోధక శక్తి తక్కువగా ఉంటుంది. అటువంటి వార్డులలోకి తాజా పూలను, మొక్కలను రానివ్వకపోవడం చాలా ఆసుపత్రులలో నియమం. కీమోథెరపీ జరుగుతున్నవారిలో కొందరికి మల్లెపూల వంటి ఘాటైన వాసన కూడా వికారం పుట్టిస్తుంది. రోజూ తలలో మూర పూలు పెట్టుకున్న స్త్రీకి ఆ వాసనే పడకపోవడం ఆమెకు చాలా బాధగా ఉంటుంది.

కాగితం పువ్వుకు నీళ్లు అక్కరలేదు, వాసన లేదు, పుప్పొడి లేదు. అయినా దానికీ కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. వాటిని తరువాత చెప్పుకుందాం.

ఈ విద్య ఎక్కడిది?

కాగితం మడతలు మనకు కొత్త కాదు. వాన పడితే చాలు, కాగితం పడవలు, కత్తి పడవలు చేసి నీళ్లలో వదలని పిల్లలు ఉండరు. అయితే దీనిని ఒక కళగా పెంచి పోషించిన దేశం జపాన్. అక్కడ దీన్ని ఓరిగామి అంటారు. జపాను భాషలో ఓరి అంటే మడవడం, కామి అంటే కాగితం. 1911లో పుట్టి 2005లో మరణించిన అకిరా యోషిజావా అనే కళాకారుడు ఈ విద్యకు ప్రపంచమంతటా గుర్తింపు తెచ్చాడు. మడత ఎటువైపు వేయాలో గీతలతో, బాణం గుర్తులతో చూపే పద్ధతిని ఆయన రూపొందించాడు. ఆ గుర్తులవల్ల, భాష రానివారు కూడా పుస్తకం చూసి మడవగలుగుతున్నారు.

జపానువారికి ఆసుపత్రి విషయంలో ఒక ఆచారం ఉంది. రోగిని చూడడానికి వెళ్లేటప్పుడు కుండీలో నాటిన మొక్కను తీసుకువెళ్లరు. వారి భాషలో వేరు పట్టడం అనే మాట, జబ్బుతో మంచాన పడడం అనే మాట ఒకే విధంగా పలుకుతాయి. అందుకని కుండీ మొక్కను అశుభంగా భావిస్తారు. దానికి బదులు కాగితంతో కొంగలను మడిచి, వెయ్యింటిని దారాలకు గుచ్చి, తోరణాల్లా కట్టి ఇస్తారు. రోగి త్వరగా కోలుకోవాలని ఆప్తులందరూ కలిసి చేసే పని అది.

ఆ కొంగల పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేది సడాకో ససాకి అనే అమ్మాయి. 1945 ఆగస్టు 6న హిరోషిమా నగరం మీద అణుబాంబు పడినప్పుడు ఆమెకు రెండేళ్లు. అప్పుడు ప్రాణంతో బయటపడింది. కాని 1955 ఫిబ్రవరిలో రక్త క్యాన్సరుతో హిరోషిమా రెడ్‌క్రాస్ ఆసుపత్రిలో చేరింది. కాగితం దొరకనప్పుడు మందులు చుట్టి ఇచ్చిన కాగితాలను కూడా దాచుకుని, వాటితోనే కొంగలు మడిచింది. ఆ ఏడాది అక్టోబరు 25న, పన్నెండేళ్ల వయసులో చనిపోయింది. ఆమె స్మృతికి, అణుబాంబువల్ల మరణించిన పిల్లలందరి స్మృతికి 1958లో హిరోషిమా శాంతివనంలో ఒక స్మారకం నిలిపారు. ఈనాటికీ అక్కడికి అనేక దేశాల పిల్లలు కాగితం కొంగలను పంపుతున్నారు.

కొంగ మడవడం కొత్తవారికి కష్టం. దానికి చాలా మడతలు కావాలి. మంచం మీద ఉన్నవారికి సులువైనది పువ్వు. అందులోనూ ట్యులిప్ పువ్వు. ఇది చూడడానికి విచ్చుకోబోయే తామరమొగ్గలా ఉంటుంది.

ఏ కాగితం వాడాలి?

ఖరీదైన కాగితం అవసరం లేదు. జిరాక్స్‌కు వాడే తెల్లకాగితం, నోటుపుస్తకం కాగితం, స్టేషనరీ షాపులలో దొరికే రంగు కాగితం ఏదైనా సరిపోతుంది. కొన్ని మాత్రం వద్దు:

- వార్తాపత్రిక వద్దు. సిరా చేతులకు, పక్కబట్టలకు అంటుకుంటుంది. మడత కూడా నిలవదు.
- మందంగా, నున్నగా ఉండే క్యాలెండరు కాగితం వద్దు. మడవడానికి బలం కావాలి, అంచు వేలిని కోస్తుంది.
- ఆసుపత్రిలో ఇచ్చిన ఏ కాగితమూ వద్దు. పాతదే కదా అనుకున్న రిపోర్టును రేపు డాక్టరుగారు అడగవచ్చు. బిల్లులు, మందుల చీటీలు, ఇ.సి.జి. కాగితాలు ఫైలులోనే ఉండాలి.

జిరాక్స్ కాగితం 21 సెంటీమీటర్ల వెడల్పు, 29.7 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. దానిలో నుంచి చదరం తీయడానికి కొలబద్ద అక్కరలేదు. ఒక మూలను ఎదుటి పొడవాటి అంచు మీదికి ఏటవాలుగా తెచ్చి మడిస్తే త్రికోణం వస్తుంది. దాని కింద మిగిలిన పట్టీని మడిచి, గోటితో గట్టిగా రుద్ది, మళ్లీ వెనక్కి మడిచి రుద్ది, నెమ్మదిగా చింపితే కత్తెరతో కోసినట్టే వస్తుంది. త్రికోణాన్ని విప్పితే 21 సెంటీమీటర్ల చదరం. దాన్ని నాలుగు భాగాలు చేస్తే పదిన్నర సెంటీమీటర్ల చదరాలు నాలుగు. పట్టీలో నుంచి 8.7 సెంటీమీటర్ల చదరాలు రెండు వస్తాయి. చిన్న చదరాలు పువ్వులకు, పెద్ద చదరాలు కాడలకు. అంటే ఒక్క కాగితంతో కాడలతో సహా రెండు పువ్వులు చేసి, మిగిలిన రెండు చదరాలను సాధనకు వాడుకోవచ్చు. చదరాలను మీరు ముందుగానే సిద్ధం చేసి ఉంచండి. రోగి చేయవలసింది మడతలు మాత్రమే.

పువ్వు మడిచే పద్ధతి

మొదట మీరు ఒకసారి బయట వరండాలో కూర్చుని చేసి చూడండి. మీకు వచ్చిన తర్వాతే రోగి ముందు పెట్టండి. రంగు కాగితమైతే రంగు ఉన్న వైపు కిందకు ఉండాలి.

1. చిన్న చదరాన్ని ఒక మూల మీ వైపుకు, ఒక మూల ఎదుటికి ఉండేలా పెట్టండి. మీ వైపు ఉన్న మూలను ఎదుటి మూల మీదికి తెచ్చి మడవండి. త్రికోణం వస్తుంది. పొడవాటి మడత మీ వైపు, మొన పైకి ఉంటుంది.

2. త్రికోణం కుడి మూలను ఎడమ మూల మీదికి మడిచి, మళ్లీ విప్పండి. మధ్యలో నిలువు గీత పడుతుంది. ఈ మడత గుర్తు కోసమే.

3. ఇప్పుడు కుడి మూలను పట్టుకుని పైకి మడవండి. కింది అంచులో నడిమి గీత ఉన్న చోటు నుంచే మడత మొదలవ్వాలి. కుడి మూల నడిమి మొన మీదికి పోకూడదు. దానికి సుమారు రెండు వేళ్ల దూరంలో కుడివైపున నిలవాలి.

4. ఎడమ మూలను కూడా అదే విధంగా ఎడమవైపుకు మడవండి. ఇప్పుడు పైన మూడు మొనలు, కింద ఒక మొన కనిపిస్తాయి. పైవి మూడూ రేకులు.

5. కింది మొనను గోటితో రెండు మూడు మిల్లీమీటర్ల మేర మాత్రం చింపండి. చిన్న రంధ్రం ఏర్పడుతుంది. కాడ దూరేది అక్కడే.

నాలుగు మడతలతోనే పువ్వు తయారవుతుంది. కుడి రేకు, ఎడమ రేకు ఒకే ఎత్తులో లేకపోయినా పరవాలేదు. చెట్టున పూసే పువ్వుల్లోనూ రేకులన్నీ ఒకే కొలతలో ఉండవు.

కాడ, ఆకు చేసే పద్ధతి

1. పెద్ద చదరాన్ని కూడా ఒక మూల పైకి, ఒక మూల మీ వైపుకు ఉండేలా పెట్టండి. కుడి మూలను ఎడమ మూల మీదికి మడిచి విప్పితే పై మూల నుంచి కింది మూల దాకా నిలువు గీత పడుతుంది.

2. పై మూలకు ఇరువైపులా ఉన్న రెండు అంచులను నిలువు గీత దగ్గరకు తెచ్చి మడవండి. గాలిపటం ఆకారం వస్తుంది.

3. కింది మూలకు ఇరువైపులా ఉన్న అంచులను కూడా అదే విధంగా గీత దగ్గరకు మడవండి. రెండు చివరలూ సన్నగా ఉండే ఆకారం వస్తుంది.

4. కింది చివరను పైకి మడవండి. అది పై చివరకన్నా కొంచెం కిందుగా ఆగాలి. పొట్టిగా ఉన్నది ఆకు, పొడవుగా ఉన్నది కాడ.

5. మొత్తాన్ని నిలువు గీత వెంబడి వెనక్కి సగానికి మడవండి. ఆకు బయటకు, కాడ లోపలకు ఉండాలి. ఒక చేత్తో ఆకును పట్టుకుని, రెండవ చేత్తో కాడను కొంచెం పక్కకు లాగి, అడుగు భాగాన్ని నొక్కండి.

కాడ చివరను పువ్వు కింది రంధ్రంలోకి దూర్చండి. పువ్వును మంచం పక్క అల్మరా మీద గోడకు చేరవేసి నిలబెట్టవచ్చు. నిలవకపోతే ఖాళీ గ్లాసులో ఉంచండి. కాడ జారిపోతుంటే అన్నం మెతుకుతో అంటించకండి, చీమలు పడతాయి.

కాగితం పువ్వులలో నోటితో గాలి ఊది ఉబ్బించే రకం కూడా ఒకటి ఉంది. చూడడానికి అందంగానే ఉంటుంది గాని ఆసుపత్రిలో అది వద్దు. ఒకరు ఊదిన వస్తువును ఇంకొకరు పట్టుకోవడం మంచిది కాదు. క్షయ, జలుబు, దగ్గు ఉన్నవారి దగ్గర అసలే వద్దు.

ఎవరి చేత, ఎలా చేయించాలి?

చేతికి సెలైన్ సూది ఉన్నవారు: సూది మణికట్టు దగ్గర గాని మోచేతి మడతలో గాని ఉంటే ఆ చేతిని వంచే పనులు చేయించకూడదు. సూది లేని చేత్తో మడవమనండి. కాగితం జరగకుండా అంచు మీద మీరు వేలు ఉంచితే చాలు. సూది ఉన్న చోట వాపు, మంట కనిపిస్తే పని ఆపి సిస్టరుకు చెప్పండి.

పక్షవాతం వచ్చినవారు: బలహీనపడిన చేతిని ఎంతవరకు వాడాలో ఫిజియోథెరపిస్టును అడగండి. ఆయన సరే అంటే ఆ చేతిని కాగితం మీద బరువుగా ఆన్చి, మంచి చేత్తో మడవమనవచ్చు. అలా ఆన్చడం కష్టమైతే కాగితం మీద టిఫిన్ డబ్బా పెట్టండి. వీరికి 21 సెంటీమీటర్ల పెద్ద చదరమే సులువు.

రక్తంలో ప్లేట్‌లెట్లు తగ్గినవారు, రక్తం పలచబడే మందులు వాడుతున్నవారు: కాగితం అంచు కోసినా రక్తం త్వరగా ఆగకపోవచ్చు. ముందుగా సిస్టరును అడగండి. మెత్తని కాగితం ఇవ్వండి. గోటితో రుద్దడం, చింపడం మీరు చేయండి.

మధుమేహం ఉన్నవారు: వేళ్లలో స్పర్శ తగ్గినవారికి కాగితం కోసిన సంగతి తెలియకపోవచ్చు. పని అయ్యాక వేళ్లు ఒకసారి చూడండి.

కంటి ఆపరేషన్ అయినవారు: తల వంచి చూసే పని ఎప్పటి నుంచి చేయవచ్చో డాక్టరు చెప్పేవరకు ఆగండి.

చిన్నపిల్లలు: మూడేళ్లలోపు పిల్లలు కాగితాన్ని నోట్లో పెట్టుకుంటారు. వారికి మీరు చేసి చూపించండి, చేతికి ఇవ్వకండి. నాలుగైదేళ్ల పిల్లలు త్రికోణం మడవగలరు. ఆ ఒక్క మడత వారిది, మిగిలినవి మీవి.

ఐ.సి.యు.లోకి, విడిగా ఉంచిన రోగుల గదుల్లోకి సిస్టరును అడగకుండా ఏ వస్తువూ తీసుకువెళ్లకూడదు. అంటువ్యాధి ఉన్నవారి గదిలో చేసిన పువ్వును బయటకు తేకూడదు, ఇంకొక రోగికి ఇవ్వకూడదు. కాగితాన్ని కడగలేము గనుక ఈ నియమం తప్పనిసరి. పువ్వు మడిచే ముందు, మడిచిన తర్వాత ఇద్దరూ చేతులు శుభ్రం చేసుకోవాలి. సబ్బు, నీళ్లతో అయితే 40 నుంచి 60 సెకన్లు, చేతులకు రాసుకునే స్పిరిట్ ద్రవంతో అయితే 20 నుంచి 30 సెకన్లు రుద్దుకోవాలి. పువ్వు మీద నీళ్లు గాని, మందు గాని, రక్తం గాని పడితే దాన్ని వెంటనే తీసివేయండి. దుమ్ము పట్టేదాకా ఉంచకుండా నాలుగైదు రోజులకు ఒకసారి కొత్తది చేయండి.

మన చేతులు మన దగ్గరే ఉంచుకుందాం

అన్నిటికన్నా కష్టమైన జాగ్రత్త ఇది. రోగి వణికే వేళ్లతో కాగితం అంచులు కలపడానికి తంటాలు పడుతుంటే చూస్తూ ఊరుకోవడం మనవల్ల కాదు. "ఇటు ఇవ్వు, నేను చేస్తాను" అని చేయి చాపుతాము. ప్రేమతోనే చాపుతాము. కాని పొద్దుటి నుంచి అందరూ చేస్తున్నది అదే కదా! ఆ ఒక్క కాగితాన్ని కూడా లాక్కుంటే రోగికి మిగిలేది ఏమీ లేదు.

మీరు కూడా ఒక కాగితం తీసుకుని పక్కన కూర్చోండి. ఒక మడత మీరు వేసి ఆగండి. రోగి ఆ మడత వేసేదాకా రెండవది వేయకండి. అడిగితేనే సాయం చేయండి, అడిగినంత మేరకే చేయండి. వంకరగా వచ్చిన మడతను సరిచేయకండి. మడత నలిగి కాగితం పాడైతే ఇంకొకటి ఇవ్వండి. "అయ్యో, ఇంత సులువైనది కూడా రాలేదా?" అని నవ్వులాటకైనా అనకండి. మంచం మీద ఉన్నవారికి ఆ మాట వేరుగా వినిపిస్తుంది.

రెండు మడతలు వేసి అలసిపోతే అక్కడితో ఆపి, కాగితాన్ని దిండు పక్కన పెట్టండి. మిగిలినది సాయంత్రం, లేకపోతే రేపు. "నాకు వద్దు" అంటే ఆ మాటను గౌరవించండి. నొప్పితో ఉన్నవారికి, జ్వరం ఎక్కువగా ఉన్నవారికి విశ్రాంతే కావాలి. ఇష్టం లేని మనిషి చేత చేయించే పువ్వు ఇంకొక మోతాదు మందు వంటిదే అవుతుంది.

చాలాసార్లు ఇంకొకటి కూడా జరుగుతుంది. ఎదురెదురుగా చూసుకుంటూ అడగలేని మాట, చేతులు, కళ్లు కాగితం మీద ఉన్నప్పుడు బయటకు వస్తుంది. "ఆపరేషన్ అంటే భయంగా ఉంది", "నా తర్వాత పిల్లలు ఎలా?" అని రోగి అనవచ్చు. అప్పుడు వెంటనే ధైర్యం చెప్పి మాట ఆపేయకండి. వినండి. మీరు జవాబు చెప్పలేని ప్రశ్న అయితే డాక్టరుగారిని కలిసి అడుగుదాం అని చెప్పి, మరిచిపోకుండా అడగండి.

పువ్వులతో బేరం పెట్టకండి

"పది పువ్వులు చేస్తే ఇంటికి వెళ్లిపోవచ్చు" అని పిల్లలకు ఆశ పెట్టేవారు ఉంటారు. దయచేసి అలా అనకండి. పిల్లలు ఆ మాటను నిజంగా నమ్ముతారు. పది పువ్వులు పూర్తి అయిన రోజున జ్వరం మళ్లీ వచ్చి డిశ్చార్జి ఆగిపోతే, తాను సరిగా చేయలేదు గనుకనే ఇలా అయిందని ఆ పసి మనసు అనుకుంటుంది. జబ్బు తన తప్పువల్ల వచ్చిందని, తగ్గకపోవడం కూడా తన తప్పేనని భావించే పిల్లలు ఉంటారు. ఆ భారం వారి మీద ఇంకా పెంచకూడదు.

సడాకో కథను జబ్బుతో ఉన్న పిల్లలకు చెప్పాలనుకునేవారు కూడా ఈ సంగతి ఆలోచించాలి. కొంగలు మడిచినందువల్ల ఆమె బతకలేదు. మడవకపోవడంవల్ల చనిపోనూ లేదు. ఆమెది అణుధార్మికత తెచ్చిన జబ్బు. ఆమె మడిచిన కొంగలు ఆసుపత్రిలో ఆమె గడిపిన రోజులకు గుర్తుగా మిగిలాయి. ఆ కథకు అంతే అర్థం చాలు.

పెద్దవారి విషయంలోనూ అంతే. పువ్వు చక్కగా వస్తే శుభమని, చిరిగితే అపశకునమని అనుకోకండి. చిరిగితే కాగితం పలుచనిదని అర్థం.

నిన్న చేసిన పని ఈరోజు రాకపోతే

రోగిని గంటల తరబడి దగ్గరగా చూసేది డాక్టరు కాదు, మీరు. అందుకే ఒక విషయం గుర్తుంచుకోండి. నిన్న సులువుగా పువ్వు మడిచిన మనిషి ఈరోజు మొదటి మడత దగ్గరే తికమక పడితే, అది బద్ధకమో మరిచిపోవడమో అని వదిలేయకండి.

- ఒక చేయి ఉన్నట్టుండి బలహీనపడడం, మూతి వంకర పోవడం, మాట ముద్దగా రావడం పక్షవాతం లక్షణాలు.
- మధుమేహ రోగికి చేతులు వణకడం, చెమటలు పట్టడం, తికమకగా మాట్లాడడం రక్తంలో చక్కెర పడిపోయిందనడానికి గుర్తులు కావచ్చు.
- కాలేయ జబ్బు ముదిరినవారిలో మెదడు మందగించడం మొదట చేతి పనులలోనే తెలుస్తుంది. అందుకే డాక్టర్లు అటువంటివారి చేత నక్షత్రం బొమ్మ గీయిస్తారు, సంతకం చేయించి చూస్తారు.

ఇందులో ఏది అయినా సరే, జబ్బు ఏమిటో తేల్చవలసిన పని మీది కాదు. "నిన్న చేయగలిగారు, ఈరోజు చేయలేకపోతున్నారు" అని వెంటనే సిస్టరుకు గాని, డ్యూటీ డాక్టరుకు గాని చెప్పండి. ఎప్పటి నుంచి తేడా వచ్చిందో కూడా చెప్పండి. ఆ ఒక్క సమాచారం ఎంతో విలువైనది. అయితే రోజూ పరీక్ష పెట్టినట్టు పువ్వు చేయించకండి. చేసేటప్పుడు గమనిస్తే చాలు.

చివరగా

డిశ్చార్జి రోజున ఆ పువ్వును ఏమి చేయాలన్నది రోగి ఇష్టం. కొందరు ఇంటికి తీసుకువెళ్లి దాచుకుంటారు. కొందరికి ఆ రోజులను గుర్తు చేసే ఏ వస్తువూ ఇంట్లో ఉండడం ఇష్టం ఉండదు. రెండూ సరైనవే.

కోలుకోవడం కష్టమని డాక్టర్లు చెప్పిన రోగుల దగ్గర కూడా ఈ పని చేయవచ్చు. అక్కడ పువ్వు పూర్తి కాకపోవచ్చు. ఒక్క మడత వేసిన కాగితమే మిగలవచ్చు. ఆ మడత మాత్రం ఆ చేతులు వేసినది. కాగితాన్ని విప్పి ఎంత సాపు చేసినా ఆ గీత పోదు. తరువాత రోజుల్లో ఆ కాగితం మీకు ఎంత విలువైనదిగా తోస్తుందో ఇప్పుడే చెప్పలేము. కనుక రోగి మొదలుపెట్టి వదిలేసిన కాగితాన్ని వెంటనే చెత్తబుట్టలో పడేయకండి.

ఈరోజు మధ్యాహ్నం భోజనాలు అయ్యాక ఒక కాగితం తీసుకోండి. చదరం చేయండి. మొదటి మడత ఎలా వేయాలో చూపించి, కాగితాన్ని రోగి చేతికి ఇచ్చి, మీ చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చోండి.